నా మోటారు సైకిలు చెప్పిన పాఠము

ఈ యేటి సంచికకు ఏదేని యొక వ్యాసము వ్రాసి యిమ్మని సంపాదకవర్గమువారు నన్ను కోరిరి. ఏటేట నేను వ్రాయు వ్యాసములు కాలము విలువ, క్రమశిక్షణ, సత్ప్రవర్తన అను శీర్షికలతో నుండుటయు, విద్యార్థులు వానిని చదువక పుట త్రిప్పుటయు నేనెఱుగనివి కావు. కావున ఈ సారి నాకు జరిగిన యొక పరాభవమును గూర్చి వ్రాయుచున్నాను. ఇది నా మోటారు సైకిలు కథ. ఇందు కొంత యంత్రశాస్త్రము గలదు. కొంత నా తెలివితక్కువతనము గలదు. రెండవది మొదటిదానికంటె ఎక్కువయని ముందే మనవి చేసికొనుచున్నాను.

నేను రాప్తాడులో కాపురముండువాడను. అనంతపురము నుండి బెంగుళూరునకు పోవు 44వ సంఖ్య జాతీయ రహదారి మా యూరిమీదుగానే సాగుచున్నది. ఆ రహదారిమీద వేగముగా పోవువానికి మా సీమ యెట్టిదో తెలియదు. రహదారి విడిచి, పల్లెల తారు రోడ్డులును దాటి, పొలములలోని కొట్టములకు పోవు ఎఱ్ఱమట్టి బాట పట్టినవానికి తెలియును. మా పాఠశాల విద్యార్థులలో పెక్కండ్రు అట్టి బాటల చివరనుండి వచ్చువారు. వానలు తప్పిన యేట తల్లిదండ్రులు కూలిపనికై బెంగుళూరు చేరుదురు; పిల్లలు అవ్వతాతలయొద్ద మిగులుదురు; బడికి వచ్చుట క్రమక్రమముగా తగ్గును. అట్టివారి యిండ్లకు వారమునకు రెండు మూడు సాయంకాలములు పోయి పలుకరించి వచ్చుట నాకు వాడుక. ఆ పనికి నాకున్న సాధనము 2012వ సంవత్సరమున కొన్న నూరు సీసీల మోటారు సైకిలు. అది మట్టిలో పందెములు పరుగెత్తుటకై చేసిన బండి కాదు. రోడ్డుమీద నడచుటకు చేసిన సామాన్యమైన బండి. కాని దాని బ్రతుకులో సగము మట్టిలోనే గడచినది.

మా జిల్లాలో ఏడాదికి సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. నైరృతి ఋతుపవనము పడమటి కనుమలమీదనే తన బరువు దించుకొనును. ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరమునుండి మా మెట్టకు చేరులోపల తేలికపడిపోవును. వాన తప్పినను గాలి మాత్రము తప్పదు. జూను మొదలుకొని ఆగష్టు వఱకు అది పడమటినుండి రేయింబవళ్లు వీచును. రామగిరి కొండలమీద గాలిమరలు నిలిపినది ఆ గాలిని నమ్మియే. కణేకల్లు, బొమ్మనహాళు ప్రాంతములలో హగరి యొడ్డున ఇసుక దిబ్బలు పొలములమీదికి జరుగుటయు ఆ గాలివలననే. వేరుసెనగ విత్తుటకై దున్ని సిద్ధపఱచిన చేలమీదుగా ఆ గాలి వీచునపుడు, ముందు పోవు ట్రాక్టరు కనబడదు. దాని వెనుక లేచిన ఎఱ్ఱని తెర మాత్రమే కనబడును. ఆ తెరలో నుండి నేను నా బండిమీద పోవుచుండెడివాడను. నా ముక్కునకు తువాలు కట్టుకొనుట నాకు తెలిసియుండెను. బండికిని ఒక ముక్కు గలదను సంగతి నాకు సరిగా తెలియదు.

ఇక యంత్రమును గూర్చి రెండు మాటలు. జర్మనీ దేశమున నికొలాస్ ఒట్టో 1876వ సంవత్సరమున నడిపి చూపిన నాలుగు స్ట్రోకుల పద్ధతియే నేటికిని మన బండ్లలో సాగుచున్నది. పిస్టను ఒకసారి క్రిందికి దిగి గాలిని పెట్రోలును పీల్చును. పైకి లేచి దానిని అదుమును. నిప్పు తగులగా మరల దిగి బలమిచ్చును. మరల లేచి పొగను వెడలగొట్టును. గాలి లోనికి వచ్చుటకు ఒక వాకిలి, పొగ వెలుపలికి పోవుటకు ఒక వాకిలి గలవు. ఆ వాకిండ్ల తలుపులే వాల్వులు. మొదటిది ఇన్లెట్టు వాల్వు; రెండవది ఎగ్జాస్టు వాల్వు. రాకరు అను చిన్న ఇనుప చేయి వాల్వు తోకను నొక్కినపుడు వాల్వు తెఱచుకొనును; విడిచినపుడు స్ప్రింగు దానిని మూయును.

రాకరు చివరనున్న మరకును వాల్వు తోకకును నడుమ కొంచెము సందు ఉంచవలెను. ఏలయనగా ఇంజను వేడెక్కినపుడు లోహము సాగును. సందు లేనియెడల సాగిన వాల్వు రాకరును తాకి, పూర్తిగా మూసికొనలేక యుండిపోవును. అపుడు అదుముడు తగ్గి బలము పోవును. వేడి పొగ ఆ సన్నని వాకిలిలో నుండి చొచ్చి వాల్వు అంచును కాల్చును. నా బండికి పుస్తకమున చెప్పిన సందు 0.08 మి.మీ. ముద్రణకు వాడు తెల్ల కాగితములు నూరు పేర్చినచో ఇంచుమించు ఒక సెంటీమీటరు మందముండును; అనగా ఒక్కొక్క కాగితము 0.1 మి.మీ. ఆ కాగితమంత చోటైనను లేని సందుమీద బండి ప్రాణము నిలిచియున్నది. ఇంజను నిమిషమునకు నాలుగువేల చుట్లు తిరుగునపుడు ఒక్కొక్క వాల్వు రెండువేల సారులు తెఱచి మూసికొనును. అరగంట ప్రయాణమున అఱువదివేల సారులు.

మా తండ్రిగారు రాజ్‌దూత్ బండి నడిపెడివారు. అది రెండు స్ట్రోకుల బండి. దానికిట్టి వాల్వులు లేవు; సిలిండరు గోడలోని రంధ్రములను పిస్టనే మూయుచు తెఱచుచుండెడిది. 1985లో హీరో హోండా సి.డి. 100 వచ్చినది మొదలు నూరు సీసీల నాలుగు స్ట్రోకుల బండ్లు మన పల్లెలలో వ్యాపించినవి. వానికి పెట్రోలు తక్కువ పట్టును. గొడవ తక్కువ చేయును. కావున వానిని పట్టించుకొనవలసిన పనిలేదని మావంటివారము అనుకొంటిమి. ఇంటిలో చూచి నేర్చిన విద్య కాకపోవుటచే ఈ సందు సంగతి నాకు నలువదియేండ్లు దాటువఱకు తెలియదు.

క్రిందటి యేటి వేసవి సెలవులలో నాకు శుభ్రతపై ఆసక్తి మెండుగా కలిగినది. బండిని కడిగితిని, గొలుసు తుడిచితిని, ప్రక్క డబ్బా విప్పి గాలి వడపోయు స్పాంజిని వెలుపలికి తీసితిని. అది నల్లని జిడ్డుతో అసహ్యముగా నుండెను. ఇంత మురికిలోనుండి నా బండి ఊపిరి తీసికొనుచున్నదా యని జాలిపడి, సబ్బునీటిలో మూడు మారులు పిండి, ఎండలో ఆరవేసి, శుభ్రముగా పొడిగా నున్న స్పాంజిని మరల దాని చోట నుంచితిని. ఇల్లాలికి చూపి మెప్పును పొందితిని.

ఆగష్టు నెలలో బండి మొదటిసారి మొండికెత్తినది. ఉదయమున పది కిక్కులకు గాని కదలదు, ఎత్తుబాట ఎక్కలేదు, నిలిపినచోట ఇంజను ఆగిపోవును. మా యూరిలో రహదారి ప్రక్కన రేకుల షెడ్డులో ఒక యువకుడు మెకానిక్కు పని చేయుచున్నాడు. అతడు ఒకప్పుడు నా తరగతిలో లెక్కలు నేర్చుకొన్నవాడు. నేర్చుకొన్నవాడనుటకంటె లెక్కలు తప్పినందుకు నా చేత చీవాట్లు తిన్నవాడనుట సత్యము. బడినుండి మరలి వచ్చుచు అతని యొద్ద బండి నిలిపితిని.

“ట్యాపెట్టు బిగుసుకున్నాది సార్. ఇంజను కాలుతా ఉంది. బండి ఇడిసిపెట్టిపోండి, పొద్దున సల్లారినాక చూస్తాను” అనెను.

“నాకు పనియున్నది. ఇప్పుడే చేయుము” అంటిని.

అతడు మారుపలుకక చేసెను. బండి బాగుగానే నడచినది. అక్టోబరులో మరల అదే జబ్బు. మరల అదే తొందర. డిసెంబరులోను, జనవరిలోను, ఫిబ్రవరిలోను అట్లే జరిగినది. ఒకసారి అతడు “సార్, ఒక మాట” అని యేదో చెప్పబోయెను. నేను గడియారము చూచుకొనుచు డబ్బిచ్చి కదలితిని. ఇంజను చప్పుడు చేయక మెత్తగా పలుకుచుండుట చూచి, లోపము చిన్నదేయని నన్ను నేను ఓదార్చుకొనుచుండెడివాడను. ఆ చప్పుడు లేకపోవుటయే రోగలక్షణమని నాకు తెలియదు. సందు ఎక్కువైన ట్యాపెట్టు టకటకమని కొట్టుకొని మెకానిక్కును పిలుచును. సందు తక్కువైనది నోరెత్తదు. లోలోపలనే వాల్వును చెఱచును.

మార్చి నెలలో పదవ తరగతి పరీక్షలు వచ్చినవి. ఒకనాటి ఉదయము ఎనిమిది గంటలకు నాకు ఒక తల్లి ఫోను చేసెను. ఆమె కుమార్తె మా విద్యార్థిని. వారి కొట్టము రహదారికి పండ్రెండు కిలోమీటర్లు లోపల నున్నది. రావలసిన బస్సు రాలేదు. పరీక్ష తొమ్మిదిన్నరకు. నేను వెంటనే బండి తీసితిని. అది ఎటులో కదలినది. ఆ పండ్రెండు కిలోమీటర్లు వేగముగానే పోయితిని. కొట్టము ముందు ఇంజను ఆపితిని. బాలిక హాలుటికెట్టు, కలములు తీసికొని, అవ్వకు మ్రొక్కి వచ్చుసరికి అయిదు నిమిషములైనది. కిక్కు కొట్టితిని. కాలికి బరువే తెలియలేదు, గాలిలో తన్నినట్లుండెను. మరల కొట్టితిని. ఇరువది సారులు, ముప్పది సారులు కొట్టితిని. చెమటచే కండ్లు కనబడకపోయెను. ఆ బాలిక ఒక్క మాటయు అనక, హాలుటికెట్టును రెండు చేతులతో పట్టుకొని, నా కాలివైపే చూచుచు నిలిచియుండెను. ఆ చూపు నేను మఱువజాలను.

దైవవశమున పాలు పోసికొని పోవు వ్యాను ఒకటి ఆ బాటను వచ్చినది. డ్రైవరు ఆమెను ముందు కూర్చుండబెట్టుకొని పోయెను. పరీక్ష మొదలగుటకు ఆరు నిమిషములు ముందుగా ఆమె చేరినదని తరువాత తెలిసినది. నేను మాత్రము చల్లారువఱకు బండిని త్రోసికొనుచు ఆ ఎండలో నడచితిని. నడచిన ప్రతి అడుగునకు నా కోపము పెరిగినది. ఆ వ్యాను రాకుండిన ఏమగును? ఒక సంవత్సరము చదువు ఏమగును? ఇందులకెల్ల కారణము ఎవ్వరు? అయిదు సారులు డబ్బు తీసికొని అయిదు సారులును పని చెడగొట్టిన ఆ మెకానిక్కు కాడా?

షెడ్డు చేరునప్పటికి అచట అయిదారుగురు బండ్లతో వేచియుండిరి. వారందఱి యెదుట అతనిని నోటికి వచ్చినట్లు తిట్టితిని. “బడిలో లెక్కలు తప్పినవాడవు, ఇక్కడ మాత్రము సరిగా చేయుదువా?” అను మాట నా నోట వచ్చెను. అతడు తల వంచి, చేతనున్న స్పానరును గుడ్డతో తుడుచుచు నిలిచెను. ఒక్క మాటయు బదులు చెప్పలేదు. తప్పు చేసినవాడు గనుక మాటలేదని నేననుకొంటిని. ఇంజను చప్పుడును గూర్చి చేసిన పొరపాటునే మనుష్యుని గూర్చియు చేసితిని.

మఱునాడు తెల్లవారకమునుపే నా వాకిట ఎవ్వరో నిలిచిన అలికిడైనది. తలుపు తీసి చూడగా ఆ యువకుడే. చేతిలో పనిముట్ల సంచియు, చంకలో ఒక చిన్న నోటుపుస్తకమును గలవు.

“ఇంజను రేత్రంతా సల్లారింటాది సార్. ఇప్పుడు పడదాము” అనెను.

నేనేమియు అనలేక ప్రక్కన కూర్చుంటిని. అతడు ప్లగ్గు విప్పెను. మాగ్నెటు మూత తీసి, టి అను గుర్తు గీతకు ఎదురుగా వచ్చువఱకు చక్రమును చేతితో త్రిప్పెను. రాకర్లు రెండును వదులుగా నున్నవో లేవో వ్రేలితో కదలించి చూచెను. ఎగ్జాస్టు రాకరు కొంచెము ఆడినది; ఇన్లెట్టు రాకరు ఆడలేదు. ఫిల్లరు గేజిలోని ఆకులను ఒకదానివెంట నొకటి దూర్చి చూచెను. ఎగ్జాస్టు వాల్వున 0.07 ఆకు పోయినది. ఇన్లెట్టు వాల్వున అన్నిటికంటె పలుచని 0.04 ఆకును దూరలేదు. ఆ రెండు సంఖ్యలను నోటుపుస్తకమున వ్రాసి, ఆ పుట నా చేతికిచ్చెను.

ఆగష్టు మొదలు ఫిబ్రవరి వఱకు నేను వచ్చిన అయిదు తేదులు అందున్నవి. ప్రతి తేదికి ఎదుట బిగించక మునుపున్న సందు, బిగించిన తరువాతి సందు. వరుసలు వంకరగా నున్నను అంకెలు స్పష్టముగా నున్నవి.

“చూడండి సార్. అయిదుసార్లూ ఇన్లెట్టు ఒకటే బిగుసుకున్నాది. ఎగ్జాస్టు ఇంచుమించు కదల్లేదు. నా బిగింపు తప్పయితే రెండూ తప్పాల కదా? నట్టు వదులైతే సందు పెరగల్ల గాని తగ్గదు కదా?”

లెక్కల ఉపాధ్యాయుడనగు నేను ఆ పుటను చూచుచు చాలసేపు మాటాడలేకపోతిని. అతడు చెప్పినది తర్కము. అందొక మెట్టైనను తప్పలేదు.

“మఱి ఈ మాట మునుపే చెప్పలేదేమిరా?” అంటిని.

“చెప్పబోతిని సార్. మీరు తొందరలో ఉంటిరి.”

పిమ్మట అతడు ప్రక్క డబ్బా విప్పెను. స్పాంజిని తీసి నా యెదుట తట్టగా ఎఱ్ఱని మట్టి రాగిపిండివలె రాలినది. స్పాంజికి ఆవల, కార్బొరేటరునకు పోవు రబ్బరు గొట్టములో వ్రేలు పెట్టి త్రిప్పి చూపెను. వ్రేలినిండ ఎఱ్ఱని దుమ్ము. వడపోసిన తరువాత నుండకూడని చోట అది యుండెను.

“దీనికి ఆయిలే లేదు. ఎవురు సార్ దీన్ని కడిగింది?”

నేను కొంచెము తడవు ఊరకుండి, “నేనే” అంటిని.

చదువరులు విషయమును గ్రహించియే యుందురు. ఆ స్పాంజి కన్నములు సన్నని ధూళిని ఆపజాలవు. దానికి పూసిన నూనెయే ధూళిని పట్టి నిలుపును. నేను అసహ్యించుకొన్న జిడ్డే దాని పని. కడిగి ఆరిన తరువాత శుభ్రమైన నూనెలో ముంచి, పిండి, అంచులు డబ్బాకు అంటునట్లు అమర్చవలెను. నేను శుభ్రపఱచితినని సంతోషించినది, నిజమునకు కావలి తీసివేయుట. నూరు సీసీల ఇంజను నిమిషమునకు నాలుగువేల చుట్ల వేగమున పూర్తిగా ఊపిరి తీసినచో ఇంచుమించు రెండువందల లీటర్ల గాలి లోనికి పోవును. ఆ గాలితో కూడ పది నెలలు మా సీమ మన్ను లోనికి పోయినది. మన్నులోని ఇసుక రేణువు సామాన్యమైనది కాదు. ఖనిజముల గట్టిదనమును కొలుచుటకు ఫ్రెడరిక్ మోస్ 1812లో ఏర్పఱచిన కొలమానమున గాజు సుమారు 5.5, క్వార్ట్‌జు అను ఇసుకరాయి 7. అట్టి రేణువులు వాల్వు అంచునకును, అది కూర్చుండు సీటునకును నడుమ చేరి, నిమిషమునకు రెండువేల సారులు నలిగినచో ఆ లోహము అరుగక యేమగును? సీటు అరిగినకొలది వాల్వు తన గూటిలోనికి మఱింత లోతుగా పోవును, దాని తోక రాకరువైపునకు జరుగును, సందు తఱిగిపోవును. ఇన్లెట్టు వాల్వే మొదట చెడుటకు కారణము, దుమ్ము వచ్చు త్రోవలో మొదట నున్నది అదియే గనుక. మర త్రిప్పి సందు చేసినకొలది లోపల అరుగుదల సాగుచునే యుండెను.

అనంతపురములోని లేతు షాపున సీటు సరిచేయించి, క్రొత్త ఇన్లెట్టు వాల్వు వేయించి, క్రొత్త స్పాంజికి నూనె పట్టించి, అంచున గ్రీజు పూసి, గొట్టమున ఎక్కడనైన చీలిక గలదేమోనని చూచి, ఇంజను ఆయిలు మార్చి అతడు బండిని నాకప్పగించెను. నేను ఆ సాయంకాలము షెడ్డునకు జనము చేరువేళ చూచి పోయితిని. నలుగురి యెదుట తిట్టినవాడు ఇంటిలో రహస్యముగా క్షమాపణ చెప్పుట న్యాయము కాదు. “తప్పు ఇతనిది కాదు. స్పాంజి కడిగి చెడగొట్టినది నేను. వేడి ఇంజనును పట్టుమని తొందరపెట్టినదియు నేనే” అని అందఱును వినునట్లు చెప్పితిని. నలుసును దూలమును గూర్చి చిన్నతనము నుండి వినుచు, ఆదివారపు బడిలో పిల్లలకు చెప్పుచు వచ్చినవాడను. నా బండి గొంతులోని నలుసును పెట్టినది నేనే యగుటయు, దానికై పొరుగువాని కంటిలో వెదకుటయు నాకు సిగ్గు కలిగించినవి. అతడు మాత్రము నవ్వి, “పోనీలే సార్, టీ తాగుదురు రాండి” అనెను.

బండి నడపు తల్లిదండ్రులకు ఉపయోగపడునేమోయని అతనివలన నేర్చుకొన్న క్రమమును వ్రాయుచున్నాను. సందు కొలుచునపుడు ఇంజను రాత్రియంతయు చల్లారియుండవలెను. టి గుర్తు ఎదురుగా వచ్చినను రాకర్లు రెండును ఆడనియెడల, చక్రమును ఇంకొక పూర్తి చుట్టు త్రిప్పి చూడవలెను; ఏలయనగా నాలుగు స్ట్రోకులలో పిస్టను రెండు సారులు పైకి వచ్చును; అందు వాల్వులు రెండును పూర్తిగా మూసికొనియుండునది అదుముడు చివర మాత్రమే. ఆకు కొంచెము పట్టుతో జారవలెను. మరను కదలకుండ పట్టుకొని లాకు నట్టు బిగించి, బిగించిన పిమ్మట మరల కొలువవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది, సరిచేయక మునుపున్న కొలతను వ్రాసికొనుట. సరిచేసిన తరువాతి కొలత ప్రతిసారి ఒకటియే. అది మనకేమియు చెప్పదు. మునుపటి కొలతయే లోపము ఏ దిక్కుగా పోవుచున్నదో చెప్పును. సందు పెరుగుచున్నచో లాకు నట్టు వదులైనదో, రాకరు, కామ్ అరిగినవో, ఆయిలు చాలదో చూడవలెను. తఱుగుచున్నచో వాల్వు సీటు అరుగుచున్నదని తలంపవలెను. ఇన్లెట్టు ఒకటియే తఱిగినచో గాలి వచ్చు త్రోవను, ఎగ్జాస్టు ఒకటియే తఱిగినచో ఇంజను మితిమీఱి వేడెక్కుటకు కారణమును వెదకవలెను.

ఇప్పుడు నా వృత్తికి సంబంధించిన మాట యొకటి చెప్పి ముగించెదను. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు లోపనిర్ధారణ పరీక్ష యను పాఠము చెప్పిరి. 52 నుండి 27 తీసివేయుమనగా ఒక బాలుడు 35 అని వ్రాసెననుకొందము. 81 నుండి 46 తీసివేయుమనగా 45 అని వ్రాసెను. తప్పు గుర్తు పెట్టి సున్న వేయుట సులభము. కాని చూడుడు: ఆ బాలుడు ప్రతి స్థానమునను పెద్ద అంకెనుండి చిన్న అంకెను తీసివేయుచున్నాడు. అతడు అజాగ్రత్తగా లేడు. తాననుకొన్న యొక నియమమును తు.చ. తప్పక పాటించుచున్నాడు. ఆ నియమము తప్పు. అజాగ్రత్తవలన వచ్చు తప్పులు నలుదిక్కులకు పోవును. కారణము గల తప్పులు ఒకే దిక్కునకు పోవును. ఈ పాఠమున నేను మంచి మార్కులు పొందితిని. పొంది ఇరువదియేండ్లు బిడ్డల పుస్తకములలో సున్నలు వేయుచు వచ్చితిని. మరను త్రిప్పుచు వచ్చితిని గాని గాలి త్రోవను చూడలేదు. ఆ యువకుడు నా తరగతిలో నున్నపుడు అతని లెక్కలు ఏ దిక్కుగా తప్పెడివో నాకిప్పుడు జ్ఞాపకము లేదు. అసలు నేను చూడనేలేదు. చూచియుండిన వాని తెలివి నాకు ఆనాడే కనబడియుండెడిది.

కావున ఈ యేడు నా తరగతి రిజిష్టరులో మార్కుల ప్రక్క ఇంకొక వరుస గీచితిని. అందు విద్యార్థికి ఎన్ని మార్కులు తగ్గినవని వ్రాయను. ఎట్టి తప్పు మరల మరల చేయుచున్నాడని వ్రాయుదును. వెనుక బల్లపై కూర్చుండి ఏమియు అడుగని పిల్లలను వారమునకొకసారి పిలిచి మాటాడించుచున్నాను. గొడవ చేయువాని సంగతి ఎట్లును తెలియును. నోరెత్తనివాని సంగతియే మనము కొలిచి తెలిసికొనవలసినది. మీ బిడ్డ ఒక లెక్కను పదిసారులు ఒకే విధముగా తప్పినచో, తల్లిదండ్రులారా, దయచేసి కొట్టకుడు. ఆ పుస్తకము నాయొద్దకు పంపుడు.

నాడు పాలవ్యానులో పోయిన బాలిక పరీక్షలో ఉత్తీర్ణురాలై అనంతపురమున ఇంటర్మీడియట్టు చదువుచున్నది. బండి సంగతి అడుగువారికి: వాల్వు మార్చిన పిమ్మట జూను, జూలై, ఆగష్టు గాలులు మరల వచ్చి పోయినవి. ఆ మూడు నెలలలో స్పాంజిని నాలుగు సారులు కడిగి నూనె పట్టించితిని. ఇప్పుడు నాకును ఒక చిన్న నోటుపుస్తకము గలదు. నిన్న తెల్లవారుజామున బండి చల్లగా నుండగా కొలిచి అందు వ్రాసితిని: ఇన్లెట్టు 0.08, ఎగ్జాస్టు 0.08.